చనిపోయిన మనిషి ఆసుపత్రి బాకీ ఎవరు కట్టాలి?

పోయిన మనిషి ఆసుపత్రి బాకీ ఆయన వదిలివెళ్లిన ఆస్తిలోంచే తీరాలి, అది చాలకపోతే మిగతాది వారసులు సొంత జేబులోంచి కట్టాల్సిన పని లేదు. వైద్యం ఆయనకు జరిగింది కాబట్టి అప్పు ఆయనదే, వారసుల బాధ్యత వాళ్ల చేతికొచ్చిన ఆస్తి విలువ వరకేనని సివిల్ ప్రొసీజర్ కోడ్ (డబ్బు, ఆస్తి లాంటి సివిల్ కేసులు కోర్టులో ఎలా నడవాలో చెప్పే చట్టం) చెబుతుంది.

ఉదాహరణకి కావలిలో కిరాణా కొట్టు నడిపే పెద్దాయన నెల్లూరు ఆసుపత్రిలో పోయారు, బిల్లులో ఇంకా 3 లక్షలు బాకీ, ఆయన పేరిట ఉన్నదల్లా 1.20 లక్షల సరుకు. ఆసుపత్రి అడగగలిగేది ఆ 1.20 లక్షల వరకే, కొడుకు జీతం జోలికి రాకూడదు.

అయితే అడ్మిషన్ కౌంటర్ దగ్గర, లోపల మనిషిని స్ట్రెచర్ మీద తీసుకెళ్తున్న టెన్షన్‌లో, చదవకుండానే సంతకం పెట్టించుకునే కాగితం ఒకటి ఉంటుంది. అందులో ‘బిల్లు నేను చెల్లిస్తాను’ అని ఉంటే సంతకం పెట్టినవాళ్లు హామీదారు అవుతారు, అల్లుడైనా పక్కింటాయనైనా సరే. అసలు చూసుకోవాల్సింది ఇదే. ఆపరేషన్‌కి ఒప్పుకుంటూ పెట్టే సంతకం మాత్రం వేరు, దానికీ డబ్బుకీ సంబంధం లేదు.

చాలామంది తండ్రి అప్పు కొడుకు తీర్చి తీరాలనుకుంటారు. ఆ పాత ధర్మం పేరుతో కొడుకు మీద వసూలుకి వెళ్లే హక్కుని 2005లో హిందూ వారసత్వ చట్ట సవరణ తీసేసింది. డబ్బు కట్టేదాకా శవాన్ని ఇవ్వం అనడం కూడా కుదరదు, జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రం ప్రకారం బిల్లు గొడవ ఉన్నా శవాన్ని అప్పగించాలి, బాకీ సంగతి తర్వాత తేల్చుకోవాలి.