ఎత్తు బంగారం

హనుమకొండ

నాయనా,

నెలలు నిండకుండా పుట్టిన పాప మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను, మొదట రచయిత్రిగా, తర్వాత అమ్మమ్మగా. నా మనవరాలు కూడా 30 వారాలకే పుట్టింది. 38 రోజులు ఐసీయూ బయట ఇనుప కుర్చీలో కూర్చున్నదాన్ని. అందుకే కాస్త కటువుగా రాస్తాను, ఏమీ అనుకోకు.

మొదటి పేజీలోనే పాపకు పేరు పెట్టేశావు. ఆ గదిలో ఏ బిడ్డకూ పేరుండదు. కాలికి కట్టిన పట్టీ మీద ఉండేది తల్లి పేరు. నర్సు తలుపు తెరిచి పిలిచేదీ తల్లి పేరుతోనే, ఫలానా ఆమె బేబీ తాలూకు ఎవరండీ అని. ఆ పిలుపుకు లేచి నిలబడేటప్పుడు మోకాళ్లలో వచ్చిన వణుకు నన్ను ఇంకా వదల్లేదు. 21వ రోజు తొట్టెలలో వేసి పేరు పెట్టాల్సింది. ఆ రోజు మేం నలుగురం ఇడ్లీ పొట్లం విప్పుకుని తిన్నాం. తేదీ అందరికీ తెలుసు, ఒక్కరూ నోరెత్తలేదు.

నాలుగో పేజీలో మానిటర్ మోగుతుంది, డాక్టర్లు పరుగెత్తుకొస్తారు, బయట ఉరుము. ఆ ఉరుము తీసెయ్యి. నెలలు నిండని పిల్లలు ఊపిరి తీసుకోవడం మరిచిపోతారు, ఆ పని చూసుకునే మెదడు ఇంకా పక్వానికి రాకపోవడం వల్ల. మానిటర్ రోజుకు ఎన్నోసార్లు మోగుతుంది. చాలాసార్లు నర్సు పరుగెత్తదు కూడా. రాస్తున్న కాగితం పక్కన పెట్టి, వచ్చి, పాప అరికాలి మీద వేలితో ఒకసారి తడుతుంది. పాప ఉలిక్కిపడి ఊపిరి అందుకుంటుంది. నర్సు మళ్లీ కలం పట్టుకుంటుంది. గుండె జారేది ఆ నెమ్మది చూస్తే. ఊపిరి మరవకుండా ఇచ్చే మందు ఏమిటో తెలుసా? కెఫీన్, మనం పొద్దున తాగే కాఫీలో ఉండేదే. ఆ సంగతి తెలిసినప్పుడు మా అల్లుడు ఆ ఆసుపత్రిలో మొదటిసారి నవ్వాడు.

ఏడో నెల పిల్ల బతుకుతుంది, ఎనిమిదో నెల పిల్ల బతకదని ముసలామె చేత అనిపించావు. ఉంచు, ఆమె అనే మాటే అది. కానీ కథ చెప్పేవాడు కూడా దాన్ని నమ్మినట్టు రాశావు, అది తప్పు. కడుపులో గడిచే ప్రతి వారమూ పిల్లకు బలమే. ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా కాపాడే పదార్థం చాలినంత తయారయ్యేది చివరి వారాల్లోనే.

తండ్రిని వరండాలో సిగరెట్ల మీద సిగరెట్లు కాలుస్తూ తిప్పావు. సినిమాల్లో చూసిన తండ్రి. చొక్కా గుండీలు విప్పి పాపను ఛాతీకి ఆనించుకుని గంటల తరబడి కూర్చునే తండ్రిని రాయి. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన కంగారూ పద్ధతి అది. గతిలేక కనిపెట్టినదాన్ని ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థే చేయమంటోంది. మా అల్లుడు పాప ఎక్కడ అదురుతుందోనని తుమ్ము ఆపుకుంటే కళ్ల వెంట నీళ్లు కారాయి. ఏడుస్తున్నాడనుకుని పక్కావిడ ఓదార్చింది.

ఇక అసలు సంగతి. ఆరో పేజీలో ‘అమ్మమ్మ మేడారం మొక్కుకుంది’ అని ఒక్క వాక్యం రాసి వెళ్లిపోయావు. నీ కథ ఉన్నది అక్కడే. ఏం మొక్కుకుంది? నిలువెత్తు బంగారమే కదా. మనవైపు పాఠకుడికి అది మనిషి బరువుకు సరితూగే బెల్లమని చెప్పక్కర్లేదు. పాప 1,180 గ్రాములు. ఆ రోజు లెక్కకు మొక్కు చేతిసంచిలో పట్టేంత. పుట్టిన మొదటి రోజుల్లో ఒంట్లో నీరు పోయి పిల్లలు తగ్గుతారు. 1,180 కాస్తా 1,070 అవుతుంది. మొక్కూ తగ్గుతుంది. బాకీ తగ్గిందని ఏడ్చే మనిషిని ఎక్కడైనా చూశావా? తర్వాత గొట్టంలోంచి రెండేసి మిల్లీలీటర్ల పాలు, మింగడం వచ్చాక ఉగ్గుగిన్నె, బరువు రోజుకు పదిహేను, ఇరవై గ్రాములు పెరగడం. నర్సు అంకె చెప్పినప్పుడు ఆమె ఏమనుకుందో రాయకు. కొంగు కింద లెక్క పెట్టుకునే వేళ్లు మాత్రం చూపించు.

మేం మేడారం వెళ్లేసరికి మా పిల్ల తొమ్మిది కిలోలు. త్రాసులో కూర్చోబెడితే పక్క తట్టలోని బెల్లం అందుకుని నాకింది. మొక్కులో అంత తరుగు సమ్మక్క ఓర్చుకునే ఉంటుంది.

కామెర్లకు పెట్టే నీలం దీపం కింద కళ్లకు గంతలతో పడుకున్న పాప దగ్గర మాత్రం ఒక్క అక్షరం మార్చకు. తిరగరాశాక పోస్టులో పంపకు, ఏ ఆదివారమో నువ్వే పట్టుకురా. మనవరాలు కూడా ఉంటుంది. ఇప్పుడు పన్నెండేళ్లు. నా కథల్లో అచ్చుతప్పులు వెతికి రూపాయి చొప్పున వసూలు చేస్తుంది. నీ కథలో నేను పదకొండు లెక్కపెట్టాను, చిల్లర తెచ్చుకో.

ఒక అమ్మమ్మ