జంప్ చేసి చూపిస్తే గజ్జల్లో నొప్పి... కోచింగ్ మానేయాలా?

ప్రశ్న: నా వయసు 36. పదో ఏట నుంచి 23 ఏళ్లు వచ్చేదాకా ఫిగర్ స్కేటింగ్ పోటీల్లో ఆడాను. ఇప్పుడు పిల్లలకు కోచ్‌ని. ఆరు నెలలుగా కుడి గజ్జలో నొప్పి. జంప్ చేసి చూపించిన రోజు రాత్రి కుడివైపు తిరిగి పడుకోలేను. పెయిన్‌కిల్లర్ వేసుకుంటే తగ్గి మళ్లీ వస్తోంది. కీలు అరిగిపోయిందా? కోచింగ్ వదులుకోవాలేమోనని టెన్షన్‌గా ఉంది. - ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: నొప్పి కుడివైపే ఎందుకొచ్చిందో ఊహించవచ్చు. స్కేటర్లలో ఎక్కువమంది గాల్లో ఎడమవైపుకు తిరిగి, కుడికాలి మీద వెనక్కి జారుతూ దిగుతారు. మీరూ అంతే అయితే, పదమూడేళ్లు ప్రతి జంప్ దెబ్బా ఆ తుంటికే తగిలింది. పైగా స్కేటింగ్ బూటు చీలమండను బిగించేస్తుంది. అక్కడ ఆగాల్సిన అదురు మోకాలికి, తుంటికి, నడుముకు పాకుతుంది.

అరుగుదల కంటే ముందు నాకు రెండు అనుమానాలు. ఒకటి, తుంటి గిన్నె అంచున ఉండే లాబ్రమ్ అనే మెత్తటి పట్టీ చిరగడం. తుంటి పట్టేసినట్టో, లోపల టక్కుమన్నట్టో ఉంటుంది. 1998 నగానో ఒలింపిక్స్‌లో పదిహేనేళ్లకే స్వర్ణం గెలిచిన తారా లిపిన్‌స్కీకి 2000లో తుంటి ఆపరేషన్ చేసింది ఇందుకే. రెండోది, తొడ ఎముక మెడ దగ్గర సన్నటి పగులు. ఇది అరుదే, కానీ అశ్రద్ధ చేస్తే ఎముక పూర్తిగా విరగొచ్చు.

కాబట్టి ఈ వారంలోనే ఆర్థోపెడిక్ డాక్టర్‌ను కలవండి. ఎక్స్‌రే బాగుందని ఊరుకోవద్దు. లాబ్రమ్ చిరుగు అందులో కనిపించదు, పగులు కూడా మొదట్లో దొరక్కపోవచ్చు. ఎమ్మారై కావాల్సి వస్తుంది. అప్పటిదాకా జంప్‌లు పూర్తిగా బంద్. ఆ కాలి మీద బరువు వేస్తేనే నొప్పి వస్తున్నా, కుంటుతున్నా స్కేట్లు కట్టకుండా ఆ రోజే వెళ్లండి. మాత్ర మింగి రింక్‌లోకి దిగడం మాత్రం వద్దే వద్దు, నొప్పి ఇచ్చే హెచ్చరిక వినపడకుండా పోతుంది.

మీరు రాయని విషయం ఒకటుంది. పోటీల రోజుల్లో బరువు కోసం తిండి తగ్గించారా? నెలలతరబడి పీరియడ్స్ ఆగాయా? ఈ ఆటలో అది మామూలే అనుకుని చాలామంది డాక్టర్‌కు చెప్పరు. ఎముక గట్టిపడే వయసులో వచ్చిన ఆ లోటు తర్వాత పూర్తిగా పూడకపోవచ్చు. అలా జరిగి ఉంటే డెక్సా స్కాన్ (ఎముకల గట్టిదనం కొలిచే పరీక్ష), విటమిన్ డి పరీక్ష గురించి అడగండి.

ఇక ఉద్యోగం సంగతి. లాబ్రమ్ చిరిగినా అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. తుంటి, పిరుదు కండరాలకు ఫిజియోథెరపీ చేస్తే చాలామందికి నొప్పి అదుపులోకి వస్తుంది. అయినా కోచ్ పని దూకడం కాదు కదా! నేల మీద భుజాల తిప్పుడు చూపించవచ్చు, వీడియో ఆపి ఆపి చెప్పవచ్చు. ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీ స్కేటింగ్ బూట్లు కూడా తీసుకెళ్లండి.