జూలూ ఈటె అసలుదో నకిలీదో ఎలా గుర్తుపట్టాలి?

జూలూ ఈటెలు సేకరించాలని ఉంది, మోసపోకుండా ఎలా కొనాలి అని అడిగారు. జూలూల ప్రాంతమైన దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో తొమ్మిదేళ్లు ఉద్యోగం చేశాను కాబట్టి చెబుతున్నాను. అలుగు, అంటే ఈటె ముందుండే ఇనుప భాగం, దాని సంగతి తర్వాత. ముందు అలుగూ కర్రా కలిసే చోటు చూడండి.

నేను చూడలేదు. వెళ్లిన మొదటి ఏడాదే ఒక పాత సామాన్ల షాపులో 1,800 రాండ్లు పోసి పొట్టి ఈటె ఒకటి కొన్నాను. దానికి 'ఇసాండ్ల్వానా, 1879' అని చీటీ కట్టి ఉంది, అది జూలూలకూ బ్రిటిష్‌వాళ్లకూ యుద్ధం జరిగిన చోటు. మర్నాడు మా గోడౌన్‌లో పనిచేసే పెద్దాయనకు చూపించాను. అక్కడ పెద్దవాళ్లను 'బాబా' అంటారు, అంటే నాన్న. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆయన అలుగు వంక చూడనే లేదు. మెడ దగ్గర తోలు తొడుగు మీద బొటనవేలు ఆనించి ఈటెను మెల్లగా తిప్పాడు. ఒకచోట వేలు ఆగింది.

"ఇక్కడ కుట్టు ఉంది. దూడ తోకకు కుట్టు ఉంటుందా?" అన్నాడు.

పాత పద్ధతిలో అలుగు వెనక ఉండే సన్నటి మొనను ఎర్రగా కాల్చి కర్రలోకి దించుతారు, మొక్కల జిగురు పెడతారు, గట్టిగా చుడతారు. దాని మీద దూడ తోక చర్మాన్ని గొట్టంలా ఒలిచి, పచ్చిగా ఉండగానే తొడుగుతారు. ఆరేకొద్దీ అది మన డప్పు తోలులా బిగిసిపోతుంది. తొడుగుకు బదులు లోహపు తీగతో అల్లిన కట్టు ఉన్నవి కూడా మంచివే. నా ఈటెకు తోలు లేపి చూస్తే లోపల ట్యూబు జిగురు పచ్చగా గడ్డకట్టి ఉంది. అలుగు అంతా ఒకే మందం, మీద గ్రైండర్ గీతలు. రేకులోంచి కోసినదన్నమాట. సుత్తి దెబ్బలు తిన్న ఇనుము అలా ఉండదు, వేలికి ఎత్తుపల్లాలు తెలుస్తాయి.

షాపుల్లో అన్నిటినీ 'అసెగాయ్' అనేస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. అది జూలూ మాటే కాదు, ఉత్తరాఫ్రికా నుంచి పోర్చుగీసు వాళ్ల ద్వారా వచ్చింది. ఈటెను జూలూలో ఉమ్‌కోంటో అంటారు. దగ్గర నుంచి పొడిచేది ఇక్ల్వా: పొట్టి కర్ర, పొడవాటి వెడల్పు అలుగు. విసిరేది ఇసిజూలా: పొడవు కర్ర, చిన్న అలుగు, దాని కింద సన్నటి ఇనుప మెడ. ఈటె కాకుండా, కొసన గుండు ఉండే గుండుకర్ర ఒకటి ఉంది, దాని పేరు ఇవీసా. దానికి గుండూ కర్రా ఒకే చెక్కలో ఉండాలి. గుండు విడిగా అతికించి ఉంటే వదిలేయండి.

ఇసాండ్ల్వానా పేరు చెప్పి అమ్మేవాటిలో చాలావరకు అబద్ధమేనని నా గట్టి నమ్మకం. 1879 జనవరి 22న అక్కడ జూలూల చేతిలో బ్రిటిష్ సైన్యం ఓడింది కాబట్టి ఆ పేరుకు గిరాకీ ఎక్కువ. ఆ యుద్ధభూమి నుంచి అనుమతి లేకుండా ఏ వస్తువు తీసినా నేరం, అది గుర్తుంచుకోండి. ఇంకో మాట. పాతది దొరికితే, మనవాళ్లు ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండు పెట్టి తోమకండి. ఆ నల్లటి పొరే దాని వయసు. పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

తర్వాత బాబా నన్ను నకాండ్లా దగ్గర వాళ్ల ఊరికి తీసుకెళ్లాడు. గుండ్రటి ఇంట్లో గుమ్మానికి ఎదురుగా, వెనక గోడ వారన పూర్వీకులకు విడిచిన చోటు ఉంటుంది, ఉమ్సామో అంటారు. వాళ్ల తాతగారి ఈటె అక్కడ ఉంది. పూర్వీకుల పేరు మీద పశువును బలి ఇచ్చేటప్పుడే దాన్ని బయటికి తీస్తారు. నా చేతికి ఇవ్వలేదు, తనే పట్టుకుని చూపించాడు. తొడుగు చేతి జిడ్డుకు నల్లగా నిగనిగలాడుతోంది, ఎక్కడా కుట్టు లేదు. పట్నం వ్యాపారి ఒకడు రెండుసార్లు వచ్చి బేరం ఆడాడట. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది ఉందని తెలిసే వచ్చాడు. ఇది చెబుతుంటే బాబా గొంతు మారింది.

అందుకే, ఎంత పాతది, ఎంత అందంగా ఉంది అన్నది కాదు, ఎవరింటి నుంచి వచ్చింది అని అడగండి. జవాబు చెప్పలేని వాడి దగ్గర కొనకండి. కావాలంటే ఇప్పుడు కొలిమి పెట్టుకుని పనిచేస్తున్న కమ్మరి చేత చేయించుకోండి. నా దగ్గర ఉన్నవి రెండే, ఒక ఇసిజూలా, ఒక ఇవీసా. రెండూ ఎవరు చేశారో నాకు తెలుసు.