మృదంగానికి ఆ పేరు మట్టి వల్లే వచ్చింది

మృదువుగా మోగుతుంది కాబట్టి మృదంగం అన్నారా అని ఒకరు అడిగారు. కానే కాదు. ఈ మాటను సభల్లో వ్యాఖ్యాతలు మైకు పట్టుకుని చెబుతుంటే, చిన్నప్పటి నుంచి ఆ వాద్యంతోనే పెరిగిన నాకు ఒళ్లు మండుతుంది. బడిలో చదివిన వ్యాకరణం గుర్తుంటే చాలు. మను, అంతరం కలిస్తే మన్వంతరం అయినట్టు, మృదు, అంగం కలిస్తే యణాదేశ సంధి వచ్చి ‘మృద్వంగం’ కావాలి. అదే మృత్, అంగం అనుకోండి, జగత్, ఈశుడు కలిసి జగదీశుడు అయినట్టు చక్కగా మృదంగం అవుతుంది. మృత్ అంటే మట్టి. మట్టి ఒళ్లున్న వాద్యం.

మరి మనది పనసకర్రతో చేస్తారు కదా అంటారు. ఒకసారి బెంగాల్ నుంచి వచ్చిన కీర్తన బృందం మా ఊరి గుడిలో రాత్రి పొద్దుపోయేదాకా పాడింది. వాళ్లు వాయించే ఖోల్ అనే మద్దెల లాంటి వాద్యం నడుము దగ్గర ఉబ్బి ఉంది, కుడివైపు మూతి మరీ చిన్నది. విరామంలో అడిగి ఒళ్లో పెట్టుకున్నాను. తోలు పట్టీల సందులో గోటితో తడితే కుండను తట్టినట్టే ఖంగుమంది. కాల్చిన మట్టి! తిరిగి ఇస్తుంటే ఆ పెద్దాయన ముందు కండువాను మడతలు పెట్టి నేల మీద పరిచి, రెండు చేతులా అందుకుని దాని మీద దించారు. దాన్ని అక్కడివాళ్లు మృదంగమనీ అంటారు. పగిలే మట్టిని మోసుకుని ఊరూరా కచేరీలకు తిరగలేకే మనవాళ్లు కర్రకు మారారని నా గట్టి నమ్మకం. ఒళ్లు మారింది, పేరు నిలిచింది.

మద్దెల వేరే మాట, సంస్కృతంలోని మర్దలం నుంచి వచ్చింది. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు అని సామెత చెప్పుకునే మనం, ఆ మద్దెల చేసేవాళ్ల మొర మాత్రం వినం. కుడివైపు నల్లటి పూతను పొర మీద పొరగా వేసి, ప్రతి పొరనూ రాయితో రుద్ది రుద్ది శ్రుతి తెప్పించేది వాళ్లు. వాయించేవాడు ఎడమవైపు తడి రవ్వ ముద్ద అద్దుకుని కూర్చుంటాడు, చప్పట్లన్నీ అతనికే. ఆహ్వాన పత్రికలో శాలువా కప్పేవారి పేర్లు పది ఉంటాయి. వాద్యం చేసినవారి పేరు నేను ఒక్క పత్రికలోనూ చూడలేదు. మీరు సభలు జరిపేవారైతే ఈసారి ఆ పేరు వేయించండి.