1980ల్లో శనివారం హైదరాబాద్ దూరదర్శన్‌లో ఏం వచ్చేవి?

ఒక్క ముక్కలో చెప్పాలంటే, తెలుగు సినిమా. శుక్రవారం చిత్రలహరి పాటలు, శనివారం సాయంత్రం తెలుగు సినిమా, ఆదివారం హిందీ సినిమా. మా తరానికి వారం ఇలాగే గుర్తు.

1977లో మొదలైన హైదరాబాద్ కేంద్రం ప్రసారాలు ఉండేది సాయంత్రం పూటే. టీవీ ఉన్న ఇంట్లో చాపలు పరిచేవాళ్లు, వీధి పిల్లలంతా ముందు వరుసలో. ఒకరు డాబా ఎక్కి యాంటెన్నా తిప్పుతూ "బొమ్మ వచ్చిందా?" అని అరవాల్సిందే. మధ్యలో ఏడింటికి సినిమా ఆపి వార్తలు. 1983 నవంబర్ 14న తొలి తెలుగు వార్తలు చదివిన శాంతి స్వరూప్ గారు టెలిప్రాంప్టర్ లేకుండా, కంఠతా పట్టి చెప్పేవారు. ఆ నిదానం, ఆ ఉచ్చారణ నాకు ఇప్పటికీ ప్రామాణికమే. ప్రసారం తెగితే తెరమీద "అంతరాయానికి చింతిస్తున్నాము".

రాత్రి ఢిల్లీ జాతీయ కార్యక్రమాలు అందుకునేవి. ఆ పద్ధతి 1982 ఆగస్టు 15న మొదలైంది, రంగుల ప్రసారాలూ అప్పుడే.

అయితే ఈ శనివారం అందరిదీ కాదు. 1984 తర్వాత జిల్లాల్లో పెట్టిన చిన్న ట్రాన్స్‌మిటర్లలో చాలావాటికి ఉపగ్రహం ద్వారా ఢిల్లీ ప్రసారాలే అందేవి. టీవీ కొన్నా తెలుగు సినిమా రాని ఊళ్లు ఎన్నో.