ఇంట్లో పిల్లాడూ పెద్దవాళ్లూ వాడే 10 అంగుళాల ట్యాబ్‌కి ఎలాంటి కేసు తీసుకోవాలి? ఎక్కువ డబ్బు పెడితే తేడా ఉంటుందా?

ఏది కొన్నా కొనండి గానీ, మడిచి నిలబెట్టే పల్చటి లెదర్ ఫ్లిప్ కవర్ మాత్రం వద్దు. మా బెజవాడ బీసెంట్ రోడ్డులో ట్యాబ్ కవర్ అనగానే ముందు అదే తీసి చూపిస్తారు. చూడ్డానికి నీటుగా ఉంటుంది, చేతికి తేలిగ్గా ఉంటుంది. కింద పడినప్పుడే దాని సంగతి తెలిసేది.

మా అత్తయ్యగారు గుంటూరు బ్రాడీపేటలో ఉంటారు, మా మరిది వాళ్లు డల్లాస్‌లో. వేసవిలో ఇక్కడ ఆదివారం పొద్దున ఎనిమిదైతే అక్కడ శనివారం రాత్రి తొమ్మిదిన్నర. పడుకునే ముందు మనవరాలు నానమ్మతో మాట్లాడాల్సిందే. ఫోన్లో మొహాలు సరిగా ఆనడం లేదని మరిది ట్యాబ్ కొనిపెట్టాడు. దాంతోపాటే షాపువాళ్లు అంటగట్టిన ఫ్లిప్ కవరూ వచ్చింది.

ఆ ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. అత్తయ్యగారు పచ్చడికి గోంగూర వేయిస్తూ, అది మనవరాలికి చూపించాలని ట్యాబ్‌ని వంటగట్టు మీద పోపుల పెట్టె పక్కన నిలబెట్టారు. ఆ కవర్‌ని మూడు మడతలు వేస్తే నిలబడుతుంది కదా, ఆ మడతల్ని పట్టి ఉంచేది లోపలి సన్నటి అయస్కాంతమే. కిందేమో నున్నటి గ్రానైటు, దాని మీద నూనె జిడ్డు. "ఇంకా దగ్గరగా చూపించు నానమ్మా" అంది పిల్ల. ఈవిడ ట్యాబ్‌ని వేలితో కాస్త వెనక్కి వంచబోయారు. మడత విడిపోయి ట్యాబ్ జర్రున జారి గట్టు దాటింది. నేను చేయి చాపేలోపే గాల్లో కవర్ రెక్క తెరుచుకుంది, ట్యాబ్ మూల నేరుగా టైల్‌కి తగిలింది, ఆ తర్వాత బోర్లా పడింది. నేల మీదనుంచి పిల్ల గొంతు వినపడుతూనే ఉంది: "నానమ్మా, అంతా చీకటైపోయింది, ఎక్కడికెళ్లావ్?"

తీసి చూస్తే దెబ్బ తగిలిన మూలనుంచి పగుళ్లు విసనకర్రలా విచ్చుకుని స్క్రీన్ సగం దాకా పాకాయి. మిగతా మూడు మూలలూ బాగానే ఉన్నాయి. వెనకవైపు గీత కూడా లేదు. కవర్ చెక్కుచెదరలేదు! అత్తయ్యగారు పొయ్యి కట్టేసి కుర్చీలో కూర్చుండిపోయారు. చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. స్క్రీన్ మార్చాలంటే కొత్త ట్యాబ్ ధరలో దాదాపు సగం అవుతుందన్నారు సర్వీస్ సెంటర్లో.

అందుకే గట్టిగా చెబుతున్నాను, ట్యాబ్ పగిలేది మూలనుంచే. దెబ్బంతా అంత చిన్న చోట పడేసరికి అద్దం తట్టుకోలేదు. ఫ్లిప్ కవర్లలో సరిగ్గా ఆ నాలుగు మూలల దగ్గరే పల్చటి ప్లాస్టిక్ పెంకు ఉంటుంది. షాపులో కేసు చేతికివ్వగానే మూలల్ని బొటనవేలితో నొక్కండి. కాస్త లోపలికి దిగి మళ్లీ పైకి రావాలి. అది రబ్బరులా వంగే మెత్తటి ప్లాస్టిక్ టీపీయూ అయినా సరే, పిల్లల కేసులకి వాడే స్పాంజి లాంటి ఈవీఏ ఫోమ్ అయినా సరే. ఉత్త గట్టి ప్లాస్టిక్ గీతలు పడకుండా కాపాడుతుంది గానీ దెబ్బని తనలోకి తీసుకోదు. తర్వాత ట్యాబ్‌ని కేసులో పెట్టి బల్ల మీద బోర్లించండి. అద్దానికీ బల్లకీ మధ్య సందు కనిపించాలి. టెంపర్డ్ గ్లాస్ వేయించినా ఆ సందు మిగలాలి. కేసు మరీ బిగుతుగా ఉంటే అంచుల దగ్గర గ్లాస్ పైకి లేస్తుంది, అదీ చూసుకోండి.

ఇక డబ్బు సంగతి. వెయ్యి లోపే మంచి ఫోమ్ కేసు దొరుకుతుంది. పైన పెట్టేదంతా చాలాసార్లు డబ్బా మీద ఉన్న 'మిలిటరీ గ్రేడ్' అనే మాటకే. అది మిల్-ఎస్‌టీడీ-810 అనే అమెరికా సైన్యం ప్రమాణం. అందులో నాలుగడుగుల ఎత్తునుంచి 26 సార్లు పడేసే పరీక్ష ఒకటుంది. ఆరు ముఖాలు, పన్నెండు అంచులు, ఎనిమిది మూలలు, ఒక్కోదాని మీద ఒక్కోసారి. బాగానే ఉంది. కానీ పడేసేది ఎక్కడ? చాలాసార్లు కాంక్రీటు మీద పరిచిన రెండంగుళాల ప్లైవుడ్ మీద. మన ఇళ్లలో నేలకి ప్లైవుడ్ ఎవరు వేస్తారండీ? అపార్ట్‌మెంట్లలో విట్రిఫైడ్ టైల్స్, కాకపోతే మార్బుల్, గ్రానైటు. పైగా ఈ పరీక్ష కంపెనీలు తామే చేయించుకుని తామే రాసుకుంటాయి. సైన్యం వచ్చి ముద్రేమీ వేయదు.

నాకు ఒళ్లు మండే విషయం ఇంకోటి ఉంది. "పదంగుళాలకి ఏదైనా పడుతుంది మేడం, కెమెరా దగ్గర కొంచెం అడ్జస్ట్ చేసుకోండి" అంటారు. పట్టదు. ఐప్యాడ్లే తీసుకోండి. 2019, 2020, 2021లో వచ్చిన సెవెన్త్, ఎయిత్, నైన్త్ జనరేషన్ మూడూ 10.2 అంగుళాలే, వాటికి ఒకే కేసు సరిపోతుంది. 2022లో వచ్చిన టెన్త్ జనరేషన్ 10.9 అంగుళాలు, పాత కేసు దానికి రాదు. సెట్టింగ్స్‌లో మోడల్ పేరు చూసి రాసుకుని వెళ్లండి. క్లిప్పులతో పట్టే యూనివర్సల్ కవర్లయితే ఏకంగా వాల్యూమ్ బటన్ మీదే నొక్కుకుని కూర్చుంటాయి.

వీడియో కాల్స్ చేసేవాళ్లు కెమెరా ఎటువైపుందో కూడా చూడాలి. నైన్త్ జనరేషన్ దాకా మామూలు ఐప్యాడ్‌కి ముందు కెమెరా పొట్టి అంచు మీద ఉండేది, టెన్త్‌లో పొడుగు అంచు మీదకి మార్చారు. పొట్టి అంచు మీద కెమెరా ఉన్నదాన్ని అడ్డంగా నిలబెడితే మనం ఎటో పక్కకి చూస్తూ మాట్లాడుతున్నట్టు అవతలివాళ్లకి కనిపిస్తుంది. అలాంటి ట్యాబ్‌కి నిలువుగా కూడా నిలబెట్టగలిగే స్టాండు ఉన్న కేసే కొనాలి.

మీ పిల్లాడు దాన్ని స్కూలుకి తీసుకెళ్తాడా? 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబ్‌లు పంచినప్పటినుంచి బ్యాగులో ట్యాబ్ మామూలైపోయింది. స్టీలు క్యారేజీ, నీళ్ల సీసా, లావుపాటి పుస్తకాల మధ్య అది నలుగుతుంటుంది. బ్యాగుకి ఉత్త ఫోమ్ చాలదు, వంగకుండా వెనక గట్టి పలక, చుట్టూ మెత్తటి అంచు రెండూ ఉండాలి.

ఇంట్లోనే ఉండే ట్యాబ్‌కైతే నా ఓటు హ్యాండిల్ ఉన్న ఫోమ్ కేసుకే. పిల్లలకని అమ్ముతారు గానీ నిజానికి అది పెద్దవాళ్లకి కావాల్సిన వస్తువు. వేళ్లలో పట్టు తగ్గినవాళ్లు అరకిలో బరువున్న నున్నటి పలకని అంచులు పట్టుకుని ఎంతసేపు మోస్తారు? పెద్దవాళ్ల కోసమని ఒక్క కేసు కూడా ఎవరూ పెట్టరు, అన్నీ ఏనుగు బొమ్మలూ గులాబీ రంగులే. "ఈ వయసులో నాకు పిల్లల సామానేంటమ్మా" అని అత్తయ్యగారు మొదట మొహం చిట్లించారు. షాపులన్నీ తిరిగి నల్లది పట్టుకొచ్చాను. హ్యాండిల్‌ని వెనక్కి తిప్పితే అదే స్టాండు, గట్టు మీద జారదు. పసుపు చేతులతో ముట్టుకున్నా నల్లదాని మీద తెలియదు. లేత రంగు కేసుకి పసుపు అంటితే ఎంత తోమినా పోదు.

ఫోమ్‌తో ఇబ్బంది ఒక్కటే, వేడి. ఐప్యాడ్ వాడకానికి యాపిల్ చెప్పే గది ఉష్ణోగ్రత 35 డిగ్రీల వరకే, మనకి మే నెలలో ఇంట్లోనే అంతకు మించి ఉంటుంది. ఛార్జింగ్‌లో వేడెక్కుతోందనిపిస్తే కేసు తీసేసి పెట్టండి. అందుకే కొనేముందు షాపులోనే ఒకసారి తొడిగి తీసి చూడండి. ఆ తీయడం మీరు చేయకుండా, ట్యాబ్ వాడే పెద్దవాళ్ల చేతే చేయించండి.