వంశవృక్షం దగ్గర మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

మెడికల్ జెనెటిక్స్‌లోకి, అంటే వంశపారంపర్య జబ్బుల వైద్యంలోకి వెళ్తున్నానని రాశావు, చాలా సంతోషం నాయనా. ఏ యంత్రం మీద పని నేర్చుకోవాలని అడిగావు. అది తర్వాత. ముందు విక్టర్ మెక్‌క్యూసిక్ ఎలా పనిచేశారో చూడు. ఆయన గుండె డాక్టరు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో మార్ఫాన్ సిండ్రోమ్ రోగులను చూస్తూ, గుండె, కళ్ళు, ఎముకలు మూడూ ఒకే లోపంతో దెబ్బతింటున్నాయని గమనించి ఇటు మళ్ళారు. 1957లో అక్కడే మెడికల్ జెనెటిక్స్ విభాగం పెట్టారు. డీఎన్‌ఏ చదివే యంత్రాలు లేని రోజులవి.

నువ్వూ యంత్రంతో కాక వంశవృక్షంతో మొదలుపెట్టు. రోగి కుటుంబానిది కనీసం మూడు తరాలకు గియ్యి. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు వృత్తం, జబ్బున్నవాళ్ళది నింపెయ్యి, మొదట నీ దగ్గరికొచ్చిన రోగికి బాణం గుర్తు, దంపతులు రక్తసంబంధీకులైతే జంట గీత. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని గుంపగుత్తగా అడిగితే లేదనే అంటారు. ఒక్కొక్కరి గురించీ విడివిడిగా అడుగు. గర్భస్రావాలు, పురిట్లోనే పోయిన బిడ్డల సంగతి నువ్వు అడిగితే తప్ప బయటికి రాదు. డామినెంట్ జబ్బు (తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి లోపమున్న జన్యువు వచ్చినా చాలు, వచ్చే జబ్బు) ఒక తరాన్ని వదిలేసినట్టు కనిపిస్తే, ఒప్పుకుంటే ఆ మధ్య మనిషిని నువ్వే స్వయంగా పరీక్షించు. జబ్బు తేలిగ్గా ఉండి ఎవరి కంటా పడకపోయి ఉండొచ్చు.

పిల్లల్లో ఎందరికి జబ్బు వచ్చిందనే లెక్క దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. రిసెసివ్ జబ్బు (తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే వచ్చేది) పిల్లల్లో నాలుగోవంతుకి రావాలి, నీ లెక్కలో మాత్రం సగం దాటుతుంది. తల్లిదండ్రులిద్దరూ క్యారియర్లైన (తమకు జబ్బు లేకుండానే ఆ జన్యువును మోసేవాళ్ళైన), ఇద్దరేసి పిల్లలున్న 16 ఇళ్ళు తీసుకో. సగటున 9 ఇళ్ళలో పిల్లలంతా బాగుంటారు, వాళ్ళు ఆసుపత్రికే రారు. 6 ఇళ్ళలో ఒకరికి, ఒక ఇంట్లో ఇద్దరికీ జబ్బు. నీకు కనిపించేది 14 మంది పిల్లలు, అందులో 8 మంది రోగులు, అంటే 57 శాతం. అందుకని ఒక్కో రోగినీ పక్కనపెట్టి, ఆ రోగి తోబుట్టువును మాత్రమే లెక్కపెట్టు. ఇద్దరికీ జబ్బున్న ఇల్లు రెండుసార్లు లెక్కకొస్తుంది. 8 మంది తోబుట్టువుల్లో ఇద్దరు రోగులు. ఇప్పుడు నాలుగోవంతు సరిపోయింది.

పెన్సిల్వేనియాలోని లాన్‌కాస్టర్ కౌంటీలో ఆమిష్ అనే క్రైస్తవ తెగ కుటుంబాల్లో ఆరు వేళ్ళతో, పొట్టి కాళ్ళూచేతులతో పుట్టే పిల్లల జబ్బును మెక్‌క్యూసిక్ 1964లో వివరించారు. ఎల్లిస్ వాన్ క్రెవెల్డ్ సిండ్రోమ్ అది. ఆమిష్‌వాళ్ళు వంశావళులు పదిలంగా రాసి ఉంచుకుంటారు కాబట్టి, 1744లో వలస వచ్చిన ఒకే జంట దాకా దాని జాడ తీయగలిగారు.

ఒకేలా కనిపించే జబ్బులను ఒకే గాటన కట్టకు. హోమోసిస్టిన్ అనే పదార్థం మూత్రంలో పోయే హోమోసిస్టిన్యూరియా 1962లో వెలుగులోకి వచ్చింది. ఆ తర్వాత ఆయన బృందం కంటి కటకం జారినవాళ్ళ మూత్రం పరీక్షిస్తే, మార్ఫాన్ అనుకున్న కొందరిది నిజానికి ఈ జబ్బేనని తేలింది. మార్ఫాన్‌లో కటకం సాధారణంగా పైకి జారుతుంది, ఇందులో కిందికి. మార్ఫాన్ డామినెంట్, ఇది రిసెసివ్. ఇందులో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ, కొందరికి విటమిన్ బి6తోనే గుణం కనిపిస్తుంది. పేరు తప్పితే మందూ తప్పుతుంది.

1966లో ఆయన అచ్చువేసిన వంశపారంపర్య జబ్బుల జాబితా ఇప్పుడు 'ఓమిమ్' పేరుతో ఆన్‌లైన్‌లో ఉంది. కేస్ షీట్‌లో జబ్బు పేరు పక్కన దాని ఆరంకెల నంబరు రాయి. మార్ఫాన్‌ది 154700. మొదటి అంకె 1 అయితే డామినెంట్, 2 అయితే రిసెసివ్, 3 అయితే ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా వచ్చేది. 6తో మొదలైతే మాత్రం నంబరును నమ్ముకోకు. 1994 మే తర్వాత చేర్చినవాటికి డామినెంట్, రిసెసివ్ రెండు రకాలకూ 6 వేశారు, లోపలి వివరం చదవాల్సిందే.